మా మేనమామ కట్టిన కారును ఏం చేయమంటారు?

ఈ వారం ఉత్తరం నెల్లూరు నుంచి మైపాడు బీచికి వెళ్లే దారిలోని ఒక ఊరి నుంచి వచ్చింది. రాసినాయనకు 37 ఏళ్లు. రొయ్యల చెరువులు చేస్తారు. భార్య ప్రభుత్వ బడిలో టీచరు. కొడుక్కి పదకొండేళ్లు, కూతురికి ఆరు. పేరు వేయొద్దన్నారు, ఊరి పేరు నేనే తీసేశాను. ఉత్తరం తొమ్మిది పేజీలుంది. అందులో సంగతి ఇది.

ఆయన్ను చిన్నప్పటి నుంచి పెంచింది మేనమామ. మామయ్యకు పిల్లల్లేరు. ఇరవై రెండేళ్లు దుబాయ్‌లో గ్యారేజీ మెకానిక్‌గా చేసి ఊరికి తిరిగొచ్చారు. అక్కడ ఇంగ్లండులో తయారైన కేటర్‌హామ్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కార్లకు రిపేర్లు చేసేవారట. ఆ కారుకు తలుపులుండవు, పైకప్పుండదు, ఇద్దరే కూర్చోగలరు, ముందు చక్రాలు ఒంటికి అంటకుండా బయటే తిరుగుతుంటాయి. "అట్టాంటి బండి ఒకటి మన చేతుల్తో కడదాం అల్లుడూ" అని 2018లో మొదలుపెట్టారు. చదరపు ఇనుప గొట్టాలతో ఛాసీ, మిలిటరీ వేలంలో కొన్న పాత జిప్సీ ఇంజిను, గేర్‌బాక్సు, మామయ్య సొంత ఒమ్నీ వ్యాను నుంచి విప్పిన వెనక యాక్సిల్, చుట్టూ అల్యూమినియం రేకు. ఆరేళ్లు పట్టింది. వేబ్రిడ్జి మీద తూకం వేయిస్తే 560 కిలోలు వచ్చింది. ఖర్చు 7 లక్షల 40 వేలు. అందులో రెండున్నర లక్షలు కూతురి కోసం భార్య కడుతున్న చీటీ పాడగా వచ్చిన డబ్బు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

కిందటేడు మామయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు సరిగ్గా స్వాధీనంలో లేవు. "ఒక్కసారి అందులో నన్ను మైపాడు దాకా తీసుకుపోరా" అని అడుగుతున్నారు.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున ఈయన కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని కారును రోడ్డు మీదికి తీశారు. నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు. పక్క దారిలోంచి ట్రాక్టరు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కగానే కారు వెనక భాగం గిర్రున తిరిగి, పంట కాలవ గట్టు మీద తుమ్మచెట్టుకు జానెడు దూరంలో ఆగింది. పిల్లవాడి మోచేతికి మూడు కుట్లు పడ్డాయి. భార్య పిల్లల్ని తీసుకుని కావలిలో పుట్టింటికి వెళ్లి పన్నెండు రోజులకు తిరిగొచ్చారు. చీటీ డబ్బు సంగతీ అప్పుడే బయటపడింది. ఇప్పుడు ఇంట్లో అవసరమైన మాటలే. మామయ్యకు మాత్రం ప్రమాదం గురించి చెప్పలేదు. గేర్‌బాక్సులో శబ్దం వస్తోంది, అందుకే బయటికి తీయడం లేదన్నారు.

ఒక బ్రోకర్ 60 వేలిస్తే పాత ఒమ్నీ ఆర్‌సీ మీదే ఈ కారుకు నంబరు ఇప్పిస్తానంటున్నాడు. బావమరిది పాత ఇనుముకు వేసేయమంటున్నాడు. స్నేహితులు రేసులకు తీసుకెళ్లమంటున్నారు. "మా ఆవిడకు ఆ కారంటే అసహ్యం. మామకు ఆ కారే ప్రాణం. ఏం చేసినా ఒకరి మనసు విరిగిపోతుంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?" అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా నాన్న లారీ మెకానిక్. గ్రీజు మరకలేని చొక్కా ఆయన ఒంటి మీద నేను చూసింది పండగ రోజుల్లోనే. ఒక మనిషి ఆరేళ్ల పాటు రోజూ సాయంత్రం షెడ్డుకు వెళ్లి గొట్టం ముక్కలు కోసి, అతికి, కొలిచి, మళ్లీ కోసి ఒక బండిని నిలబెట్టాడంటే దాని వెనక ఎంత ఓపిక ఉందో నాకు కొంత తెలుసు. కాబట్టి దాన్ని పిచ్చి పని అని నేను అనను. మీరూ ఎవరినీ అననివ్వకండి.

అయితే మీరు ఒకటే అనుకుంటున్న ప్రశ్నలో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. ఈ కారు రోడ్డెక్కవచ్చా అన్నది మొదటిది. దానికి జవాబు చట్టంలో ఉంది. ఆ రోజు కారు ఎందుకు తిరిగిపోయిందన్నది రెండోది. దానికి జవాబు కారులోనే ఉంది. మీ ఇంట్లో మాటలు ఎందుకు ఆగిపోయాయన్నది మూడోది. దానికి జవాబు మీ ఉత్తరం నాలుగో పేజీలో మీరే రాశారు, రాసిన సంగతి గమనించినట్టు లేరు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

"మొదటి రెండేళ్లు మా ఆవిడే సాయంత్రం షెడ్డుకు టీ తెచ్చేది. మేం ఇంజిను దింపుతుంటే టార్చి పట్టుకుని నిలబడేది. పసుపు రంగు కూడా తనే చెప్పింది." ఇవి మీ మాటలు. రంగు ఎంచుకున్న మనిషికి ఆ కారంటే అసహ్యమని నేను నమ్మలేను. ఆమె రావడం ఎప్పుడు మానేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. డబ్బు లెక్క మీరు చెప్పడం మానేసినప్పుడే అయ్యుంటుంది. ఆ తర్వాత ఆసుపత్రిలో కుట్లు వేస్తూ బండి నంబరెంత అని అడిగితే మీరు నీళ్లు నమిలారు, పక్కనే ఆమె నిలబడి ఉన్నారు. కొడుకు చేతి నుంచి రక్తం కారుతుండగా మొగుడు నోరు తెరవలేని స్థితిలో ఉన్నాడని ఒక తల్లికి అర్థమైన క్షణం అది. ఆమెకు కోపం కారు మీద కాదు. తన బిడ్డను ఎందులో ఎక్కించారో, తన డబ్బు ఎందులో పెట్టారో తనకే చివర తెలిసినందుకు.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. మీరు రేపు ఆ కారును పాత ఇనుముకు వేసేసినా ఆమెతో మాటలు కలవవు. పైగా "నీ కోసం మామ బండిని ముక్కలు చేశాను" అనే భారం ఆమె మీద వేసినవారవుతారు. అది ఆమె అడగలేదు. మామయ్య అడిగితే ఆమె పేరు చెప్పాల్సి వస్తుంది, ఆ ముసలాయన ముందు ఆమెను దోషిగా నిలబెట్టినట్టవుతుంది. బావమరిది సలహా తేలికగా కనబడుతుంది కానీ అన్నిటికన్నా ఖరీదైంది అదే.

మామయ్య డైరీలో ప్రతి నట్టుకూ లెక్క ఉందని రాశారు. ఆ డైరీ తీసుకెళ్లి ఆమె ముందు పెట్టండి. ఏ తారీఖున చీటీ డబ్బు ఎంత తీశారో ఎర్ర గీత గీసి చూపించండి. తర్వాత ఆ రెండున్నర లక్షలు ఎలా తిరిగి కడతారో చెప్పండి. వచ్చే పట్టుబడికి ఇస్తానని మాత్రం అనొద్దు. వనామీ రొయ్యలు వేసే ఇంట్లో ఉన్న మనిషికి ఆ మాటకు విలువెంతో తెలుసు. వైట్ స్పాట్ జబ్బు వచ్చిందంటే చెరువుకు చెరువే పోతుంది. పంటతో సంబంధం లేకుండా నెలకు ఇంత అని, చిన్న మొత్తమైనా సరే, కూతురి పేరు మీద పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేయడం మొదలుపెట్టి పుస్తకం ఆమె చేతికివ్వండి. ఆమె వెంటనే కరిగిపోతారని నేను చెప్పలేను. కొన్ని నెలలు పట్టొచ్చు. ఆ కొన్ని నెలల్లో కారు షెడ్డు దాటకూడదు.

ఇక కారు ఎందుకు తిరిగిపోయింది? తప్పంతా మీరు ట్రాక్టరు వాడి మీదికి నెట్టారు. ట్రాక్టరు అడ్డం రావడం నిజమే, మన రోడ్ల మీద అది రోజూ జరిగేదే. బర్రె అడ్డం వస్తుంది, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ అడ్డం వస్తుంది. బ్రేకు తొక్కితే కారు తిన్నగా ఆగాలి కదా, ఎందుకు తిరిగింది? మీరు రాసిన రెండు మాటలు దీనికి సరిపోతాయి. ఒకటి, "పెట్రోల్ బంకులో అన్ని కార్లకూ పెట్టినట్టే 32 పాయింట్లు గాలి పెట్టించాను." రెండు, "వెనక బ్రేకులు ఒమ్నీవి ఉన్నవి ఉన్నట్టే బిగించాం."

గాలి సంగతి ముందు. ముప్పై రెండు పాయింట్లు తొమ్మిది వందల కిలోల కారుకు, అందులో అయిదుగురు కూర్చుంటే సరిపోయే లెక్క. మీ కారు 560 కిలోలు. ఇంత తేలిక బండికి టైరు అంత గట్టిగా ఉంటే రోడ్డును పట్టుకోదు, గులకరాయి మీద కూడా గెంతుతుంది. ఇంగ్లండులో ఈ సెవెన్ కార్లు నడిపేవాళ్లు చల్లటి టైరులో 18, 20 పాయింట్ల దగ్గర ఉంచుతారు. మీరు ఒకటిన్నర రెట్లు పైనే పెట్టించారు.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. ఏ బండికైనా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు వెనక బ్రేకు అవసరానికి మించి పట్టుకుంటే వెనక చక్రాలు ముందే బిగుసుకుపోతాయి. ముందు చక్రాలు బిగిస్తే బండి తిన్నగా జారుతుంది. వెనకవి బిగిస్తే గిరగిరా తిరుగుతుంది. ఒమ్నీ వెనక బ్రేకు డ్రమ్ములు ఇంటిల్లిపాదినీ, పైన మూటలనూ మోసే వ్యాను కోసం లెక్క వేసినవి. వాటిని మీ తేలిక కారుకు అలాగే బిగించి, ముందుకూ వెనక్కీ ఒత్తిడి పంచే వాల్వు పెట్టలేదు. నేను కారును చూడలేదు, మీరు రాసిన గుర్తులను బట్టి చెబుతున్నాను. కానీ తెల్లవారుజామున మంచుకు తడిసిన రోడ్డు, 32 పాయింట్ల గాలి, వ్యాను డ్రమ్ములు, ఈ మూడూ కలిస్తే అది తిరగకపోతేనే ఆశ్చర్యం. ట్రాక్టరు రాకపోయినా ఇంకో రోజు ఇంకో చోట తిరిగేది. దీనికి మందు ఉంది. వెనక బ్రేకు ఒత్తిడి తగ్గించే ప్రొపోర్షనింగ్ వాల్వు పెట్టొచ్చు. లేదా ముందు వెనకలకు బ్రేకు ఆయిలుకు ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్లు వేరు వేరుగా, వాటి మధ్య సర్దుబాటు చేసే బార్ ఉన్న పెడల్ పెట్టొచ్చు. పెట్టాక ఖాళీ స్థలంలో నెమ్మదిగా, పక్కన ఒక మనిషి నిలబడి ఏ చక్రం ముందు బిగుస్తోందో చూస్తూ సరిచేయాలి.

ఇంకో శత్రువు మీ ఊరి గాలి. సముద్రం నాలుగడుగుల్లో ఉంది, చుట్టూ ఉప్పునీటి చెరువులు. చదరపు గొట్టం బయట రంగు నిగనిగలాడుతున్నా లోపల తుప్పు తింటుంటుంది. అల్యూమినియం రేకును ఇనుప రివెట్లతో కొట్టి ఉంటే ఉప్పు గాలికి రివెట్టు చుట్టూ అల్యూమినియం పొడిలా రాలుతుంది. గొట్టాల అడుగున నీరు కారే రంధ్రాలున్నాయా, లోపల మైనం లాంటి పూత వేశారా చూడండి. చక్రాలను పట్టి ఉంచే చేతులు ఛాసీకి అతికిన చోట వెల్డింగు దగ్గర సన్నని పగులు కంటికి కనబడదు. ఎర్ర రంగు ద్రవం పూసి తుడిచి తెల్ల పొడి చల్లే పరీక్ష ఒకటుంది, పగులుంటే ఎర్రగా గీత తేలుతుంది. పెద్ద ఖర్చు కాదు. తేలిక కారు అదిరిపోతుంది కాబట్టి నట్లు వాటంతటవే వదులవుతాయి. లోపల నైలాన్ ఉన్న నట్లు వాడి, బిగించాక నట్టు మీద నుంచి బోల్టు మీదికి రంగు గీత గీస్తే, గీత పక్కకు జరిగిన రోజు మీకు తెలిసిపోతుంది. ఇవన్నీ మామయ్యకు తెలిసినవే. ఆయన కుడి చెయ్యి పని చేయని ఈ ఏడాదిలో ఎవరూ చూడలేదు, అంతే.

రోల్ బార్, అంటే కారు బోర్లాపడితే తలలను కాపాడే ఇనుప కమ్మీ, ఇంకా పెట్టలేదని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. ఆ కారులో కూర్చుంటే తల లారీ టైరు ఎత్తులో ఉంటుంది. పైకప్పు లేదు, ఎయిర్‌బ్యాగు లేదు. కాలవ గట్టు ఇంకో అడుగు వాలుగా ఉండి కారు బోర్లాపడి ఉంటే మీ ఇద్దరి తలలే దానికి ఆనుకునేవి. పిల్లవాడికి మూడు కుట్లతో పోయిందంటే అది అదృష్టం. తల వెనక రోల్ బార్, నాలుగు చోట్ల పట్టే బెల్టులు, పెట్రోలు ట్యాంకు వెనకే ఉంటుంది కాబట్టి చేతికందే దూరంలో మంటలార్పే సిలిండరు, బ్యాటరీ ఆపే స్విచ్ లేకుండా ఈ కారును మీ స్నేహితుడి రైస్ మిల్లు ఆవరణలో కూడా తిప్పొద్దు. పిల్లవాణ్ణి మాత్రం ఇవన్నీ ఉన్నా ఎక్కించొద్దు. ఈ ఒక్క విషయంలో నేను రెండో దారి చూపించను.

ఇప్పుడు చట్టం. మామయ్య ఆశకు కారణం ఉంది, అది ముందు చెప్పాలి. ఈ కార్లకు మూలం లోటస్ సెవెన్. కోలిన్ చాప్‌మన్ కంపెనీ 1957లో తెచ్చింది. బలమైన ఇంజిను కోసం పరుగులు పెట్టకుండా బరువు తగ్గించడం మీద ఆయన దృష్టి. అప్పట్లో ఇంగ్లండులో పూర్తిగా బిగించి ఉన్న కారు కొంటే పన్ను ఉండేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఉండేది కాదు. అలా జనం పెరట్లో కార్లు కట్టుకోవడం అలవాటైంది. 1973లో ఆ పన్ను పద్ధతి మారిపోయింది, అదే ఏడాది లోటస్ నుంచి సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్‌కు వచ్చాయి. ఇప్పటికీ అక్కడ ఇంట్లో కట్టిన ఒక్క కారును కూడా ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు పరీక్షించి నంబరు ఇచ్చే పద్ధతి ఉంది. కేటర్‌హామ్ వాళ్లే ఒక రకం సెవెన్‌లో సుజుకీ 660 సీసీ ఇంజిను, సుజుకీ వెనక యాక్సిల్ వాడారు. కాబట్టి జిప్సీ ఇంజిను, ఒమ్నీ యాక్సిల్ ఎంచుకోవడంలో మీ మామయ్య తప్పేం చేయలేదు. పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్‌ఐ రకం జిప్సీ ఇంజిను 80 హార్స్‌పవర్. మీ బండి బరువుకు లెక్కేస్తే టన్నుకు 140 పైమాటే. ఆయన లెక్క తెలిసిన మనిషి.

మన దగ్గర ఆ దారి లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126 ప్రకారం ఒక కొత్త రకం బండి రోడ్డెక్కాలంటే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి గుర్తింపు ఉన్న సంస్థ దగ్గర నమూనా పరీక్షలన్నీ దాటాలి. అవి వేల బండ్లు తయారుచేసే కంపెనీల కోసం రాసిన పరీక్షలు. 2020 ఏప్రిల్ నుంచి పొగ లెక్క బీఎస్ 6. పాత జిప్సీ ఇంజిను దాని దరిదాపుల్లోకి రాదు. ఒక మనిషి ఒక కారు కోసం ఇదంతా చేయడం ఆచరణలో జరగని పని. మీరు అప్పు చేసి ఆ దారి పట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక మిగిలింది ఆ బ్రోకర్ చెప్పే దారి. అరవై వేలకు అతను అమ్మేది నంబరు కాదు, కేసు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకూ కంపెనీ ఇచ్చిన రూపానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడొచ్చు. మీది మార్పు కూడా కాదు, ఒమ్నీ అసలు లేనే లేదు. లేని బండి ఛాసీ నంబరును ఇంకో ఛాసీ మీద కొట్టడం ఫోర్జరీ దాకా పోతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నా అసలు భయం అక్కడ లేదు. రేపు ఆ కారు ఎవరికైనా తగిలిందనుకోండి. సైకిల్ మీద బడికి పోయే పిల్ల కావచ్చు, చెరువు కాడ పనికి పోయే కూలీ కావచ్చు. ఇన్సూరెన్సు కంపెనీ మనిషి వచ్చి చూస్తాడు, ఒమ్నీ అని రాసి ఉన్న కాగితం, ఎదురుగా పసుపు రంగు స్పోర్ట్స్ కారు. ఒక్క పైసా భరించదు, ముందు కట్టినా మీ దగ్గర వసూలు చేస్తుంది. పరిహారం కేసులో కోర్టు వేసే మొత్తానికి పైహద్దు లేదు. మీ చెరువులు, ఇల్లు, ఆమె జీతం మీద నడుస్తున్న సంసారం, అన్నీ అందులోకి వస్తాయి. ఈసారి కూడా ఆమెకు చివరే తెలుస్తుంది.

ఆ ఒమ్నీ ఆర్‌సీని ఈ నెలలోనే ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లి, బండి విప్పేశామని రాసిచ్చి రద్దు చేయించండి. చట్టంలో 55వ సెక్షన్ దీనికే ఉంది. నిజానికి విప్పిన పద్నాలుగు రోజుల్లో చెప్పాల్సిన పని. ఆ కాగితం ఇంట్లో ఉన్నంతకాలం బ్రోకర్ ఫోన్ చేస్తూనే ఉంటాడు, మీ మనసూ లాగుతూనే ఉంటుంది.

మరి కారును ఏం చేయాలి? నాకు మూడు దారులు కనబడుతున్నాయి. ఎంచుకోవాల్సింది మీరు ముగ్గురూ కూర్చుని.

దాన్ని రోడ్డుకు సంబంధం లేని బండిగా ఉంచుకోవడం ఒకటి. అంటే ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్లి, గేటున్న సొంత స్థలంలోనో, స్నేహితుడి రైస్ మిల్లు కాంక్రీటు కళ్లంలోనో తిప్పడం. చెరువు గట్ల మీద తిప్పుతానని రాశారు, అది మాత్రం వద్దు. రెండు పక్కలా నీళ్లు, కూలీలు, మేత బస్తాల ఆటోలు తిరిగే చోటు. జనం రాకపోకలకు హక్కున్న ఏ దారైనా చట్టం దృష్టిలో పబ్లిక్ స్థలమే, అది డాంబరు రోడ్డు కానక్కర్లేదు. నిజంగా ఒకసారి పూర్తి వేగంతో నడపాలని ఉంటే చెన్నై అవతల శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇంకో నలభై. ఇంట్లో కట్టిన కారును రానిస్తారా లేదా అన్నది ఫొటోలు, రోల్ బార్ కొలతలతో ముందే రాసి అడగాలి, ఒప్పుకున్నాకే బయల్దేరాలి. రేసులో దిగాలంటే దేశంలో మోటారు రేసులను చూసే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు కావాలి. స్నేహితులు చెప్పినంత తేలిక కాదు. ట్రాలీ బాడుగ, టైర్లు, బస, హెల్మెట్లు కలిపితే ప్రతి ప్రయాణమూ ఖర్చే. చీటీ డబ్బు తీరేదాకా ఆ ఊసు ఎత్తకపోవడం మంచిది. ఇంకొకరు కొరిసపాడు దగ్గర హైవే మీద విమానాలు దిగే రన్‌వే ఉంది కదా, రాత్రిపూట అక్కడ లాగించు అన్నారని రాశారు. అది జాతీయ రహదారి. రాత్రంతా లారీలు నడుస్తాయి. లారీ డ్రైవరుకు మీ కారు కనబడనే కనబడదు. ఆ మాటన్న స్నేహితుణ్ణి దూరంగా ఉంచండి.

ఇంజినీరింగ్ కాలేజీకి ఇవ్వడం రెండోది. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల మెకానికల్ బ్రాంచి ఉన్న కాలేజీలు చాలానే ఉన్నాయి. దేశంలో విద్యార్థులే చిన్న రేసు కారు కట్టి పోటీకి తెచ్చే సుప్రా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి పోటీలున్నాయి. మీ కారు ఆ పోటీకి పనికిరాదు, వాళ్ల నిబంధనలు వేరు. కానీ గొట్టాల ఛాసీ ఎలా అతకాలో, బరువు ఎక్కడ తగ్గించాలో పుస్తకంలో చదివిన పిల్లలకు ఇంజినుతో సహా నిలబడి ఉన్న బండి కన్నా మంచి పాఠం దొరకదు. కారు ఒక్కటే ఇవ్వొద్దు, మామయ్యను కూడా పిలవమనండి. ఆయన చెయ్యి పోయింది కానీ నోరూ కళ్లూ ఉన్నాయి. కుర్చీలో కూర్చుని "ఆ బ్రాకెట్టు ఎందుకట్టా పెట్టానో చెప్పు చూద్దాం" అని పిల్లల్ని అడుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇందులో నష్టం ఏమిటంటే డబ్బు రాదు, కారు మీ కళ్ల ముందు ఉండదు. కొన్ని కాలేజీలు ఫొటో దిగి మూల పడేస్తాయి కూడా. అందుకే ఎవరి చేతికి ఇస్తున్నారో ఆ మాస్టారిని ముందు ఇంటికి పిలిచి మామయ్యతో మాట్లాడించండి. నాకు ఈ దారి మీద మనసు ఎక్కువగా ఉందని దాచను.

అమ్మేయడం మూడోది. పెట్టిన ఏడు లక్షల నలభై వేలు వస్తాయని మాత్రం అనుకోకండి. కాగితాలు లేని బండికి ఇంజిను, గేర్‌బాక్సు, టైర్ల విలువే ఉంటుంది. ఎవరికి అమ్మినా రోడ్డు మీద నడపడానికి కాదని స్టాంపు కాగితం మీద రాయించుకోండి. కొన్నవాడు దాన్ని రోడ్డెక్కించి ఎవరినైనా గుద్దితే మీ మనసు ఊరుకోదు. ఎప్పటికైనా ఇలాంటి కారు రోడ్డు మీద నడపాలన్న కోరిక తీరకపోతే, మన దేశంలోనే చింకారా అనే కంపెనీ ఇసుజు 1.8 లీటర్ల ఇంజినుతో ఫైబర్ రోడ్‌స్టర్లు కట్టి అమ్మింది. వాటిలో రిజిస్ట్రేషన్ ఉన్నది అమ్మకానికి వస్తే ఆర్‌సీ, ఛాసీ నంబరు సరిచూసుకుని కొనుక్కోవచ్చు. అది పదేళ్ల తర్వాతి మాట.

చివరగా మామయ్య. ఆయనకు గేర్‌బాక్సు శబ్దం అని చెప్పారు. ఇరవై రెండేళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి, తను విప్పి బిగించిన గేర్‌బాక్సు గురించి ఆ మాట నమ్మి ఉంటారా? మంచం మీద పడుకుని తను ఎక్కడ తప్పు చేశానా అని రోజూ లోపల లోపల వెతుక్కుంటూ ఉంటారు. నిజం చెబితే ఆరోగ్యం దెబ్బ తింటుందని మీ భయం. ఆయన్ను చూస్తున్న డాక్టరును ఒక మాట అడిగి, ఆయన సరేనంటే చెప్పండి. పిల్లవాడు బాగున్నాడని ముందు చెప్పి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, తర్వాత జరిగింది చెప్పండి.

మైపాడు మాట కూడా అప్పుడే అడగండి. ఆయనకు కావలసింది సముద్రమా, ఆ కారులో కూర్చోవడమా? సముద్రమైతే ఇంట్లో ఉన్న కారులో పిల్లల్నీ, మీ ఆవిడనూ ఎక్కించుకుని ఆదివారం సాయంత్రమే వెళ్లొచ్చు. ఆ కారే కావాలంటే బ్రేకులు సరిచేసి, రోల్ బార్ పెట్టాక మిల్లు కళ్లంలో మనిషి నడిచేంత వేగంతో నాలుగు చుట్లు తిప్పొచ్చు. దానికి తలుపు లేదు కాబట్టి కాలెత్తి పక్క గోడ దాటాలి, ఆయన కుడి కాలు రాదు. ఇద్దరు మనుషులు చంకల కింద పట్టి దించాలి, స్టీరింగ్ చక్రం తీసి పక్కన పెడితే సులువు. దీనికీ డాక్టరును అడగాలి. ఆ రోజు మీ ఆవిడ రావాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. రమ్మని అడగడం మాత్రం మీ వంతు.

ముందు ఆ 32 పాయింట్ల గాలి సంగతి మామయ్యకు మీ నోటితో చెప్పండి. తిడతారు. తిట్టడం అయ్యాక వెనక డ్రమ్ములు విప్పి చూడమంటారు. కుర్చీ వేసి ఆయన్ను షెడ్డులో కూర్చోబెట్టి, ఆయన చెప్పినట్టు విప్పండి.